మొరలగడ్డ మీద కూచున్నమ్మ

పెదకొట్టాల బస్టాపులో దిగి పడమటగా మైలున్నర నడిస్తే ఎర్రమట్టి గడ్డ ఒకటి కనిపిస్తుంది. దాని మీద పదహారు రాతిస్తంభాల మంటపం, మంటపం నడుమ పైకప్పు లేని చిన్న గర్భగుడి ఉన్నాయి. ముందున్న పలక మీద 'శ్రీ ఉపవిష్టాంబికా దేవి ఆలయం' అని రాసి ఉంటుంది. ఎప్పుడో దర్శనానికి వచ్చిన పండితులవారొకరు పెట్టిన పేరది. ఆ పేరు చెప్పి దారి అడిగితే చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళలో ఎవరూ చూపించలేరు. కూచున్నమ్మ గుడి అని అడగాలి.

అమ్మవారి మూర్తి మూడడుగుల నల్లరాయి. చేతిలో శూలం లేదు, పక్కన సింహం లేదు, కింద పద్మం లేదు. వెనకరాతికి వీపు ఆనించి, రెండు కాళ్ళూ బారచాపుకుని కూర్చున్న ఒక ముసలావిడ. ఆ మొహంలో శాంతం ఉట్టిపడుతోందని పాత కరపత్రంలో రాశారు. శాంతమో ఏమో గాని, దగ్గరికి వెళ్ళి చూసినవారికి కనిపించేది అలసట.

ప్రతి అమావాస్యకూ ఇక్కడ పూజతోపాటు పన్నెండు ఊళ్ళ సభ జరుగుతుంది. నీళ్ళు రాలేదని, కరెంటు స్తంభం ఒరిగిందని, పింఛను ఆగిందని, పాసుపుస్తకంలో తండ్రి పేరు తప్పు పడిందని జనం చెప్పుకుంటారు. వినడానికి మండలం నుంచి ఎవరో ఒక అధికారి వస్తారు. ఆయనకు కుర్చీ వెయ్యరు. మొర చెప్పుకునేవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చుంటారు, వినేవారు ఆఖరి మొర అయ్యేదాకా నిలబడతారు. కొత్తగా వచ్చినవారు మొదటి నెల దీన్ని అవమానమనుకుంటారు. రెండో నెలకు మోకాళ్ళకు తైలం రాసుకుని వస్తారు. ఈ ఆచారం ఎక్కడిదని యాత్రికులు అడుగుతూ ఉంటారు కనుక, పెద్దలు చెప్పగా విన్నది ఇక్కడ రాస్తున్నాం.

పూర్వం ఇక్కడ పాళెగాళ్ళ ఏలుబడి ఉండేది. పాళెగాడు కోటలో ఉండేవాడు. ఊళ్ళ మంచిచెడ్డలు చూడడానికి ఆయన తరఫున ఒక పారుపత్తెగారు ఉండేవారు. అమావాస్యనాడు రైతు కాడి కట్టడు, ఎద్దుకు సెలవు. అందుకని ఆ రోజునే పన్నెండు ఊళ్ళవాళ్ళూ ఈ గడ్డ మీద చేరి మొరలు చెప్పుకోవాలని ఏర్పాటు చేశారు. ఆలోచన మంచిదే. ఆ ఏర్పాటు చేసింది ఈ కథనాటి పాళెగాడి తాతగారు, ఆయన మంచి మనిషి అని చెబుతారు.

మంచి మనిషి పెట్టిన ఏర్పాటుకు తర్వాతివారు ఒక నియమం తగిలించారు. మొరలు మరీ ఎక్కువైపోతున్నాయని, నిజంగా కష్టమున్నవాడెవడో ఊసుపోక వచ్చినవాడెవడో తేల్చాలని అనుకున్నారు. కష్టమున్నవాడు తన వంతు వచ్చి, సమాధానం దొరికేదాకా నిలబడతాడు, లేనివాడు కూర్చుంటాడు అని తేల్చారు. కనుక నిలబడ్డవాడిదే మొర. కూర్చుంటే ఆ మొర తీరినట్టే లెక్క. పరుపు మీద కూర్చుని చేసిన నియమం కనుక ఇందులో తప్పేమిటో వాళ్ళకు కనిపించలేదు.

ఆ రోజుల్లో మొరలు రాసుకునే పని కరణం పేరయ్యది. అప్పటికి యాభై అయిదేళ్ళు దాటాయి. నడుం నొప్పి, చూపు మసక. నల్లపూత పూసిన గుడ్డపుస్తకం, దాన్నే కడితం అంటారు, ఒళ్ళో పెట్టుకుని బలపంతో రాసుకుంటూ పోయేవాడు. పొద్దున్నే అరవై డెబ్భై మొరలు రాసేవాడు. పారుపత్తెగారు ప్రతిదానికీ "చూద్దాం, వచ్చే అమావాస్యకు రా" అనేవారు. మళ్ళీ పిలుస్తారేమోనని జనం ఎండలో నిలబడే ఉండేవారు. మధ్యాహ్నానికి ముసలివాళ్ళు కూర్చునేవారు, తర్వాత పిల్లల తల్లులు, పొద్దు వాలేసరికి మోకాళ్ళున్న ప్రతివాడూ కూర్చునేవాడు. పేరయ్య తల ఎత్తి చూసి, కూర్చున్నవాడి పేరు ఎదురుగా 'తీరినది' అని రాసేవాడు. సాయంత్రానికి మొరలన్నీ తీరిపోయేవి. ఊళ్ళలో మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉండేది.

పేరయ్య చెడ్డవాడు కాడు. మొదట్లో ఆ మాట రాస్తుంటే చెయ్యి ఆగేది. ఇరవై ఏళ్ళు రాశాక చెయ్యి దానంతట అదే రాసేది. ఇంటికి పోయి కాళ్ళకు ఆముదం రాయించుకుని పడుకుంటే చాలని ఉండేది ఆయనకు. ఎంత అలసిపోయాడంటే, నిజం చెప్పాలంటే, ఎవరు ఏం చెబుతున్నారో విని చాలా కాలమైంది.

ఆయన వినకపోయినా మరిచిపోలేని మొర ఒకటుండేది. అది గోనుకొట్టాల ఓబుళమ్మది.

గోనుకొట్టాల ఇక్కడికి కోసెడు దూరంలో, రెండు మైళ్ళ అవతల ఉన్న పదకొండు గుడిసెల ఊరు. అక్కడ తాగడానికి నీళ్ళు వంక ఇసుకలో తవ్వుకున్న చెలమ ఒక్కటే. దానికి ఎగువన, సరిగ్గా ఒడ్డు మీద, పాళెగాడి బందెలదొడ్డి ఉండేది. చేలలో పడిన పశువులను తోలుకొచ్చి కట్టేసే దొడ్డి అది. నలభై యాభై పశువుల పేడ, పంచితం వాలులోకి జారి చెలమలో దిగేవి. ఏటా వేసవిలో ఆ ఊళ్ళో వాంతిభేదితో పసిపిల్లలు పోతున్నారు. ఓబుళమ్మ ఇద్దరు మనవళ్ళు అట్లాగే పోయారు. మిగిలింది నాలుగేళ్ళ మనవరాలు మారెక్క. ఆ పిల్లయినా బతకాలంటే దొడ్డిని వంక అవతలికి మార్చాలి. నూరు అడుగుల దూరం, ముప్పై గుంజలు, ఒక పూట పని. అయితే అది పాళెగాడి దొడ్డి. ఊరివాడెవడైనా గుంజ ముట్టుకుంటే చెయ్యి పోతుంది.

ఓబుళమ్మ ప్రతి అమావాస్యకూ కర్ర పోటు వేసుకుని వచ్చేది. చెప్పవలసింది చెప్పేది. పారుపత్తెగారు మొదట్లో "చూద్దాం" అన్నారు. తర్వాత "దొడ్డి దళవాయిగారి కింద ఉంది, నా చేతిలో లేదు" అన్నారు. ఒకసారి పాళెగాడి సేనాపతి అయిన ఆ దళవాయిగారి దగ్గరికి పంపారు. ఆయన, పశువులు తనవి గాని నేల పారుపత్తెగారిదని తిప్పి పంపారు. కాళ్ళరిగేలా తిరగడమంటే ఏమిటో ఆ ముసలమ్మకు బాగా తెలుసు. అయినా ఈ గడ్డ మీద మాత్రం ఆమె ఏనాడూ కూర్చోలేదు. పొద్దు గుంకేదాకా కర్ర మీద బరువు వేసి నిలబడేది.

పోయేముందు పేరయ్య దగ్గరికి వచ్చి అడిగేది.

"రాసినావా సామీ?"

"రాసినాను."

"ఏం రాసినావో చదువు, విందాం."

పేరయ్య చదివేవాడు. ఆమె తల ఆడిస్తూ వినేది. "బాగుంది. నాకంటే నువ్వే బాగా చెప్పినావు. వచ్చే నెల మళ్ళా వస్తా" అని వెళ్ళిపోయేది. ఇట్లా ఇరవై తొమ్మిది అమావాస్యలు గడిచాయి. చివరికి ఆమె గడ్డ ఎక్కుతూ కనిపిస్తే చాలు, నోరు తెరవకముందే పేరయ్య రాసేసేవాడు.

పారుపత్తెగారికి ఇదొక ఇబ్బంది అయింది. నెలనెలా కోటకు ఉత్తరం పంపాలి. అందులో ప్రతిసారీ 'ఒకటి తప్ప తక్కిన మొరలన్నీ తీరినవి' అని రాయవలసి వచ్చేది. ఆ ఒకటేమిటని పాళెగాడు అడిగితే ఏం చెప్పాలి. ముసలమ్మ ఒక్కసారి కూర్చుంటే బాగుండునని ఆయన మనసులో అనుకునేవారు. పేరయ్యకు కూడా లోపల ఆ కోరిక ఉండేదని పెద్దలు చెబుతారు, తర్వాత ఆయనే ఆ సంగతి ఒప్పుకున్నాడు.

ముప్పయ్యో అమావాస్య వైశాఖంలో వచ్చింది. ఆ రోజు ఓబుళమ్మ కర్ర తెచ్చుకోలేదు. భుజాన మారెక్క ఉంది. రెండు రోజులుగా భేది, పిల్ల వడిలిన తోటకూర కాడలా ఉంది. ఇంటి దగ్గర ఆ నీళ్ళ మధ్య వదిలిరాలేక తెచ్చుకుంది. పిల్లను మొయ్యాలి గనుక కర్ర పట్టుకోవడానికి చెయ్యి లేదు. అట్లాగే నిలబడింది. మధ్యాహ్నం దాటింది. పక్క ఊరి ఆడమనిషి ఒకామె తన సొరకాయబుర్రలోని నీళ్ళు పిల్లకు గుక్కెడు గుక్కెడు తాపుతోంది. పిల్ల తల ఒకవైపు వాలిపోతోంది. పడుకోబెట్టాలి. ఎండకు కాలిన నేల మీద ఎట్లా పడుకోబెడుతుంది.

ఓబుళమ్మ మెల్లిగా నేల మీదికి వాలి, రెండు కాళ్ళూ చాపుకుని, పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు పడుకోబెట్టినట్టు మనవరాలిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది.

పారుపత్తెగారు చూశారు. ఇరవై తొమ్మిది నెలల తర్వాత ఆయన మొహం విప్పారింది. "కరణంగారూ, కూర్చుంది. రాయండి" అన్నారు. పేరయ్య చెయ్యి ఎప్పటిలాగే దానంతట అదే రాసేసింది. పారుపత్తెగారు 'మొరలన్నీ తీరినవి' అని ఉత్తరం రాయించి, ముద్ర వేసి, అక్కడికక్కడే గుర్రపువాడి చేతికిచ్చి కోటకు పంపించారు. పల్లకి ఎక్కి వెళ్ళిపోయారు.

పేరయ్య కడితం మడుస్తుంటే, కూర్చున్నచోటి నుంచే ఓబుళమ్మ అడిగింది.

"రాసినావా సామీ? చదువు, విందాం."

పేరయ్యకు దాచడం చేతకాలేదు. చదివాడు. "గోనుకొట్టాల ఓబుళమ్మ మొర. తీరినది."

ముసలమ్మకు కోపం రాలేదు. కోపానికి కూడా కొంత ఓపిక ఉండాలి. పిల్ల నుదుటి మీద చెయ్యి తియ్యకుండా, ఆయన మొహంలోకి చూస్తూ అన్నది.

"తీరిందా. మంచిది. ఈ పొద్దుకు ఈయమ్మ బుర్రలో నీళ్ళుండాయి. రేపు పిల్లకు మా చెలమ నీళ్ళే గదా తాపాల. తీరిందని నువ్వే రాసినావు గాబట్టి, పొయ్యి ఒక గుక్క తాగి రా సామీ. నువ్వు తాగినావంటే నేను లేస్తా."

ఆ చూపు తప్పించుకోవడానికే పేరయ్య బయలుదేరాడంటారు. నడుం పట్టుకుని కోసెడు దూరం నడిచాడు. గోనుకొట్టాల మొరను ముప్పైసార్లు రాసినవాడు ఆ ఊరికి పోవడం అదే మొదలు. ఊరు కనిపించకముందే వాసన తగిలింది. ఎండిన వంకలో చెలమ ఉంది. నీళ్ళ మీద పసుపుపచ్చ తెట్టు కట్టింది. ఎగువన దొడ్డిలోంచి సన్నటి కాలువ ఒకటి నల్లగా దిగుతోంది. చెలమ దగ్గర ఒక ఆడమనిషి చీరచెంగు అడ్డుపెట్టి నీళ్ళు వడగడుతోంది. ఎవరో పెద్దమనిషి ఎండన పడి వచ్చాడని ఆమె చెంబు అందించింది.

"తాగు సామీ. మూడుతూర్లు వడగట్టినా" అన్నది.

పేరయ్య చెంబు నోటిదాకా తెచ్చుకున్నాడు. తాగలేకపోయాడు. దాహంతో నాలుక పిడచగట్టుకుపోతోంది, అయినా చెంబు దించేశాడు. ఆమె మర్యాదగా వేరే వైపు తిరిగి నిలబడింది. ఆ మర్యాదకు ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆయన వీరుడు కాడు, పాళెగాడిని ఎదిరించే మనిషి కాడు. రాతకోతలవాడు. ఆ రాతే ఆయనకు ఆసరా అయింది. ఊళ్ళోని మగవాళ్ళను పిలిచి, చంకలోని కడితం విప్పి చూపించాడు. "ఈ మొర తీరిందని రాసి ఉంది. పారుపత్తెగారు రాయించారు, ముద్ర పడింది, ఉత్తరం కోటకు పోయింది. తీరింది గనుక దొడ్డి ఇక్కడ ఉండకూడదు. ఉందంటే రాత అబద్ధమవుతుంది. పారుపత్తెగారి రాతను అబద్ధం చెయ్యడం తప్పు. పీకండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. చెయ్యి పోతుందన్న భయం చిన్నదా. అప్పుడు పేరయ్య కడితం గట్టున పెట్టి, బలపం తప్ప ఏదీ పట్టని చేతులతో మొదటి గుంజ పట్టుకుని ఊపాడు. అది రాలేదు. మళ్ళీ ఊపాడు. అరచేతులు చీరుకుపోయాయి గాని గుంజ రాలేదు. ఆ అవస్థ చూడలేక ఒకతను వచ్చి చెయ్యి వేశాడు, తర్వాత ఇంకొకరు వచ్చారు. చీకటి పడేలోగా ముప్పై గుంజలూ లేచి వంక అవతల నాటుకున్నాయి. మర్నాడు ఉదయం చెలమలోని మురికినీళ్ళు తోడిపోసి, కాస్త ఎగువన కొత్త చెలమ తవ్వారు. మధ్యాహ్నానికి నీళ్ళు తేటపడ్డాయి.

పారుపత్తెగారికి కబురు తెలియకుండా ఉంటుందా. తెలిసింది. ఆయన ఏమీ చెయ్యలేకపోయారు. దొడ్డి ఎవరు కదిపారని గట్టిగా అడిగితే, ముందురోజు తాను పంపిన ఉత్తరం సంగతేమిటని కోటలో అడుగుతారు. తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నారు.

పేరయ్య ఒక గుక్క తాగి, కుండ నింపుకుని, గోనుకొట్టాల ఆడవాళ్ళ వెంట గడ్డకు తిరిగి వచ్చేసరికి ఓబుళమ్మ కూర్చున్నచోటే ఉంది. రాత్రంతా పక్క ఊరివాళ్ళు ఇచ్చిన గంజినీళ్ళు పట్టించగా మారెక్క కళ్ళు తెరిచింది. అయితే గడ్డ మీద ఇప్పుడు ఉన్నది ఆ ఇద్దరే కాదు. ఓబుళమ్మ కూర్చుందట, లేవనంటోందట అని తెలిసి, ఆ నెలలో, అంతకుముందు నెలల్లో కూర్చున్న పాపానికి మొరలు తీరిపోయినవాళ్ళంతా వచ్చారు. వచ్చి ఆమె చుట్టూ కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

"తాగినానమ్మా. తేటగా ఉన్నాయి. ఇక లే" అన్నాడు పేరయ్య.

ఓబుళమ్మ కుండలోని నీళ్ళు దోసిట్లో పోయించుకుని వాసన చూసింది, రుచి చూసింది, పిల్లకు తాపింది. మనవరాలిని ఊరి ఆడవాళ్ళ చేతికిచ్చింది. లేవలేదు.

"నాది తీరింది సామీ. నీ కడుపు చల్లగుండ. మరి వీళ్ళందరికీ గూడా తీరిందనే రాసినావు గదా. అవి గూడా తీరనీ, అప్పుడు లేస్తా. తొందరేం ల్యాదు. కాళ్ళు శానా నొప్పిగుండాయి" అన్నది.

పేరయ్య కడితం తెరిచాడు. కూర్చుని రాసుకుందామంటే గడ్డంతా జనం కాళ్ళే. చోటు దొరకలేదు. నిలబడే ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, "నీది తీరిందా?" అని అడిగాడు. లేదంటే తడిగుడ్డతో ఆ మాట తుడిచాడు. సాయంత్రం దాకా తుడుస్తూనే ఉన్నాడు. ఆ గుడ్డ నల్లబడిపోయింది. ఏ ఒక్కరూ తీరిందని చెప్పలేదు.

ఆ ఏడు పదకొండు మొరలు తీరాయంటారు, తొమ్మిదేనని గోనుకొట్టాలవాళ్ళ వాదం. పేరయ్య బతికినన్నాళ్ళూ ప్రతి అమావాస్యకూ వచ్చి నిలబడ్డాడు. నడుం వంగినా కూర్చోలేదు. పారుపత్తెగారు కూడా కొన్నాళ్ళకు నిలబడక తప్పలేదు. కరణం నిలబడి ఉంటే తాను పరుపు మీద కూర్చోవడం చూడ్డానికి బాగుండదు మరి. ఓబుళమ్మ మాత్రం లేవలేదు. తొలకరి జల్లు పడిన రోజున ఇంటికి తీసుకుపోదామని నలుగురు ఎత్తబోతే ఆమె అంగుళం కదల్లేదు. అప్పటికే కాళ్ళు రాయిగా మారాయి. పాళెగాడికి అమ్మవారు కలలో కనిపించి గుడి కట్టించమన్నదని పాత కరపత్రంలో ఉంది. గుడి ఆయన కట్టించలేదు. పన్నెండు ఊళ్ళవాళ్ళు తలా ఒక రాయి మోసుకొచ్చి కట్టుకున్నారు.

నేటికీ అమ్మవారికి పూజ చేసేది మారెక్క వంశపు ఆడవాళ్ళే. నిత్యం అభిషేకానికి గోనుకొట్టాల నీళ్ళు తెస్తారు. పోసేముందు తెచ్చినామె ఒక గుక్క తాగుతుంది. అమావాస్య సభకు వచ్చే అధికారి కూడా, ఆ నెల వంతు వచ్చిన ఊరి నీళ్ళు ఒక గుక్క తాగి మొదలుపెట్టాలి. వెంట తెచ్చుకున్న సీసా మంటపం బయట పెట్టాలి. మొర తీరిందో లేదో చెప్పవలసింది అధికారి కాదు. తీరినవారు తమంతట తామే లేచి అమ్మకు దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. కొందరు ఆ నెలలోనే లేస్తారు. కొందరు ఏళ్ళ తరబడి వచ్చి కూర్చుంటూనే ఉన్నారు.

ఇక్కడ అమ్మ పాదాలకు ఆముదం రాసి మొక్కుకుంటే కాళ్ళనొప్పులు తగ్గుతాయని, చాలా కాలంగా తెమలని పనులు తెములుతాయని నమ్మకం. ఎండన పడి వచ్చినవారు దర్శనం చేసుకుని మంటపంలో కాసేపు కాళ్ళు చాపుకోవాలి. అది తప్పు కాదు. ఈ గుడిలో అదే ప్రదక్షిణం.

ప్రతి వైశాఖ అమావాస్యకు తిరునాళ్ళ జరుగుతుంది. ఆ రోజు మేళతాళాలతో పల్లకి తెచ్చి గర్భగుడి ముందు ఉంచుతారు. బోయీలు స్నానాలు చేసి, తలపాగాలు చుట్టుకుని సిద్ధంగా నిలబడతారు. మారెక్క వంశంలో పెద్దావిడ అమ్మ చెవి దగ్గర వంగి, "లేస్తావా అమ్మా?" అని అడుగుతుంది. అప్పుడు పన్నెండు ఊళ్ళ పెద్దలూ ఆ ఏడు తీరకుండా మిగిలిన మొరలన్నిటినీ పేరుపేరునా చదువుతారు. చదవడానికి గంట పైన పడుతుంది. ఎప్పుడూ ఆ జాబితా ఖాళీగా రాలేదు కనుక, అమ్మవారికి ఇంతవరకూ ఊరేగింపు జరగలేదు.

చదవడం అయిపోగానే మేళం ఆగుతుంది. బోయీలు భుజాల మీది తువ్వాళ్ళు దులుపుకుని, ఖాళీ పల్లకి పక్కన పెట్టి, తామూ వెళ్ళి అమ్మ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. వాళ్ళ ఊరికీ ఇంకా రోడ్డు పడలేదు.